వెనక సిలిండర్ల వేడి

ఆ షెడ్డులో అందరూ ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. ఇంజను మీద చెయ్యి ఆనిస్తే చాలు, తేడా ఎక్కడుందో చెప్పేస్తాడని పేరు. ఆ పేరు ఆయన తలకి కాస్త ఎక్కింది కూడా.

ఒక సోమవారం పొద్దున ఒకావిడ లారీ మీద కారు తెచ్చి దింపించింది. పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పొడుగాటి బానెట్టు. చూడగానే మేస్త్రి దాన్ని గుర్తుపట్టాడు.

"మా నాన్నగారిదండీ. ఆయన పోయి ఆరు నెలలైంది. వేడెక్కిపోతోందని ఎనిమిదేళ్లు గుడ్డ కప్పి ఉంచేశారు" అందావిడ.

ఎనిమిదేళ్ల కిందట ఆ ఇంజను పైభాగం, అంటే హెడ్డు, విప్పి బిగించింది మేస్త్రే. బిగించిన రోజే నీళ్లు మరిగిపోయాయి. అప్పుడు పక్కన పనిచేసేది ఆయన బావమరిది.

"నీళ్లు సరిగా పోశావా? ఒక్క పనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తావా నువ్వు?" అని పదిమందిలో కసిరాడు మేస్త్రి.

"నిండుగా పోశాను బావా, కావాలంటే చూడు" అంటూ వాడు ఉక్రోషంగా రేడియేటర్ మూత తిప్పేశాడు. మరుగుతున్న నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్మాయి. రెండు కళ్లూ పోయాయి. బెదిరిపోయిన యజమాని కారు తీసుకెళ్లిపోయాడు. వాడి తొందరే వాడి కళ్లు తీసిందని మేస్త్రి అందరితోనూ అన్నాడు, భార్యతో సహా. అప్పట్నుంచి బావమరిది మేస్త్రి ఇంట్లో వెనక గదిలోనే ఉంటున్నాడు.

ఈసారి మేస్త్రి తొందరపడలేదు. చల్లటి ఇంజనుకి నీళ్లు నింపాడు. రేడియేటర్ కడిగించాడు. వేడెక్కితే నీళ్లకి దారి తెరిచే థర్మోస్టాట్‌ని వేడినీళ్లలో వేసి చూస్తే సరిగానే తెరుచుకుంది. నీళ్ల పంపు కొత్తది వేశాడు. ఫ్యాను బాగానే తిరుగుతోంది. అయినా ఇరవై నిమిషాలకల్లా వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది.

వేడి కొలిచే మీటరు పెట్టి హెడ్డు పొడుగునా చూశాడు. ముందువైపు మామూలుగా ఉంది. వెనక రెండు సిలిండర్ల దగ్గర మాత్రం భగభగలాడుతోంది. అంటే అక్కడికి నీళ్లు వెళ్లడం లేదు.

మర్నాడు హెడ్డు విప్పాడు. దానికీ ఇంజనుకీ మధ్య వేసే రంధ్రాల పల్చటి రేకు, గాస్కెట్, తిరగేసి ఉంది. నీళ్లు పోయే పెద్ద రంధ్రాలు వెనకవైపు ఉండాల్సింది, ముందుకొచ్చాయి. వెనక దారులన్నీ మూసుకుపోయాయి. దాన్ని వేసింది తన చేతులే.

ఆ మర్నాడు కొత్త గాస్కెట్ సరిగా వేసి, హెడ్డు బిగించి, గంటసేపు నడిపాడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. కారు అప్పగించి తిన్నగా ఇంటికెళ్లాడు.

వంటగదిలో భార్యకి చెప్పాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "వాడికి అన్నం పెట్టినప్పుడల్లా, చేజేతులా చేసుకున్నావు కదరా అని మనసులో తిట్టుకున్నాను. ఎనిమిదేళ్లు!" అంది.

ఆ మాటలు విని బావమరిది గోడ తడుముకుంటూ వచ్చాడు. "తెలిసే దాచావా బావా?"

"లేదురా. నిన్ననే తెలిసింది."

"అప్పుడే విప్పి చూసుంటే తెలిసేదా?"

"తెలిసేది."

"మరెందుకు చూడలేదు?"

మేస్త్రి నిజమే చెప్పాడు. "తప్పు నాదని తేలుతుందేమోనని."

బావమరిది అరవలేదు. "అక్కా, నా బట్టలు సర్దు" అన్నాడు.

ఊరి చివర చూపులేనివాళ్లు కుర్చీలు అల్లే చోటుంది. బావమరిదికి అక్కడే పనీ, గదీ ఇచ్చారు. మేస్త్రి షెడ్డు మూయలేదు, కానీ ఇంజను విప్పిన ప్రతిసారీ మరొకరిని పిలిచి చూపించాకే బిగిస్తున్నాడు. ఆ గాస్కెట్ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. వాడి తొందర అని తను ఎవరెవరితో అన్నాడో వాళ్లందరి దగ్గరికీ వెళ్లి చెప్పాడు. కొందరికి అసలు గుర్తే లేదు.

ఆదివారాలు భార్యని అక్కడి గేటు దగ్గర దింపి, మేస్త్రి స్కూటర్ దగ్గరే నిలబడతాడు. "బావ వచ్చాడా?" అని ఓసారి తమ్ముడు అడిగాడట.

"బయటున్నారురా. రమ్మననా?"

"వద్దక్కా. ఉండనీ" అని వాడు మళ్లీ అల్లిక అందుకున్నాడట.