కషాయంగారి భుజం మీది గడ్డ

ఆ వీధిలో ఆయుర్వేద వైద్యుణ్ణి అందరూ కషాయంగారనే అంటారు. ఎవరికి ఏ గడ్డ లేచినా కళ్లు మూసుకుని తడిమి, అదేమిటో చెప్పేస్తారు. వేలి కింద జారితే గ్రంథి, భయం లేదు. లోతుగా పాతుకుపోయి, కదలకుండా, చీము పట్టకుండా మెల్లగా పెరిగితే అర్బుదం, వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మంటారు. అంతటి ఆయనకి తన భుజం మీదే నిమ్మకాయంత గడ్డ తగిలేసరికి అదేమిటో తేల్చుకోలేకపోయారు.

పొద్దున తడిమితే జారింది. "గ్రంథేనే!" అని భార్యకి చెప్పి కూనిరాగం తీశారు. మధ్యాహ్నం జారలేదు. అన్నం ముట్టలేదు. సాయంత్రం మళ్లీ జారింది. రెండు గిన్నెలు ఊడ్చేశారు. మందు నూరుతూ తడుముకోవడం, రోగితో మాట్లాడుతూ తడుముకోవడం. కొన్నాళ్లకి గడ్డ ఎర్రగా వాచి, కదలడమే మానేసింది.

"అర్బుదమే. ఇక నా పని అయిపోయింది," అన్నారు.

"ముందు ఆ చెయ్యి తియ్యండి," అంది భార్య.

ఆసుపత్రి ల్యాబులో పనిచేసే కోడలు ఆయన్ని లాక్కెళ్లి, సూదితో గడ్డలోంచి కాస్త తీయించింది.

"మా శాస్త్రం చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయమ్మా," అన్నారాయన నీరసంగా.

"మీవాళ్లు గడ్డ తీరు చూశారు మామయ్యా. మేం లోపలి కణాలు చూస్తాం. అవి అదుపు తప్పి పెరుగుతుంటేనే క్యాన్సర్. మైక్రోస్కోపు చెప్పేదాకా మీరు చెప్పకండి."

మర్నాడు కోడలు గుమ్మంలోంచే అరిచింది. "ఉత్త కొవ్వు గడ్డ మామయ్యా! క్యాన్సర్ కాదు!"

"మరి కదలదేం?"

"పగలంతా పిసికితే వాచిపోదా?"

కషాయంగారు ఎగిరి గంతేశారు. మందు నూరే కల్వం నెత్తిన పెట్టుకుని గదంతా చిందులేశారు. మందుల డబ్బాలు దొర్లాయి. కోడలు పగలబడి నవ్వింది. ఆయనకి ఒళ్లు తేలిపోతోంది.

"ఏమేవ్, విన్నావా? నా వేళ్లే నా కొంప ముంచాయి!"

భార్య కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ వేళ్లే కాదండీ. మీరు నిద్రపోయాక రోజూ నేనూ నొక్కి చూశాను. ఇన్నేళ్లు మీ పక్కన కూర్చుని నేర్చుకున్నానుగా."

"ఒసేయ్! మరి జారిందా?"

"ఒక్కసారి కూడా జారలేదండీ. మీతో ఎలా చెప్పను," అని ఆయన్ని పట్టుకుని భోరుమంది.