నా పుట్టుక గురించి అడగడానికి దర్శి వెళ్ళాం

నాన్న రక్తం నాలో లేదన్న సంగతి నాకు చెప్పింది అమ్మ కాదు, ఒక పెళ్ళిళ్ళ పేరయ్య. ఖాయమైన సంబంధం తప్పిపోయిందని చెప్పడానికి గుంటూరులో మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, "పిల్ల మీ ఆయనకు పుట్టలేదటగా అమ్మా? దర్శిలో ఉంటున్న పెద్ద డాక్టరు గారే చెప్పారట" అన్నాడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. అతను వెళ్ళాక అమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది. నాన్నకు పిల్లలు పుట్టే అవకాశం లేకపోతే, అప్పట్లో గుంటూరులో ఆస్పత్రి నడిపిన ఆ డాక్టరు ఎవరో అబ్బాయి వీర్యంతో చికిత్స చేశాడట. నాన్న పోయి మూడేళ్ళయింది. మిర్చి యార్డులో గుమస్తాగా చేసేవాడు. నాకు ఘాటు తగలకూడదని, యార్డు నుంచి రాగానే చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుంటే గానీ నన్ను ఎత్తుకునేవాడు కాదు. ఆయన నాకు ఏమవుతాడో ఊళ్ళో వాళ్ళు తేలుస్తున్నారంటే నా ఒళ్ళు మండిపోయింది. నా దగ్గర దాచిన సంగతిని ఆ డాక్టరు పరాయి వాళ్ళకు ఎలా చెప్పాడో అడగాలని అమ్మను తీసుకుని బయలుదేరాను. నాలా పుట్టి, అడగడానికి వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

2008 ఫిబ్రవరిలో వెళ్ళాం. గుంటూరు నుంచి దర్శికి నేరుగా వెళ్ళే బస్సు కోసం కాచుకోకుండా, పొద్దున్నే చిలకలూరిపేట మీదుగా అద్దంకి వెళ్ళి అక్కడ బస్సు మారాం. మనిషికి అరవై రూపాయలు దాటలేదు. పేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా కళ్ళాల్లో ఎండు మిరప పరిచి ఉంది. ఆ గాలికి బస్సంతా దగ్గుతూనే ఉంది. దర్శిలో దిగేసరికి ఎండ ముదిరింది. ఆటో నడిపే మస్తాన్‌కు డాక్టరు ఇల్లు బాగా తెలుసు. "పిల్లల్లేని వాళ్ళు ఇప్పటికీ వస్తానే ఉంటారండీ. ఎంతమందికి సంతానం ఇచ్చిన చెయ్యో అది!" అన్నాడు. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

డాక్టరు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను ఎవరో చెప్పగానే, "నాకేం గుర్తు లేదమ్మా, ఎంతోమందిని చూశాను" అన్నాడు. అప్పుడు అమ్మ నా వెనక నుంచి ముందుకు వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "నువ్వా తల్లీ" అన్నాడు.

"నా గురించి మగపెళ్ళివాళ్ళకు ఎందుకు చెప్పారు?" అని అడిగాను.

"నీ మంచికే చెప్పాను. ఆ పెళ్ళి ఆపకపోతే ఏమయ్యేదో తెలుసా? ఆ పెళ్ళికొడుకూ ఆ అబ్బాయి బిడ్డే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే విడమరిచాడు. పెళ్ళికొడుకు తండ్రి సంబంధం కుదిరిందని ఈయనకు చెప్పడానికి వచ్చాడట. మా అమ్మానాన్నల పేర్లు వినగానే ఈయనకు గుర్తొచ్చిందట. మా ఇద్దరికీ దాత ఒక్కడే. ఆ తండ్రి తన కొడుకు సంగతి మింగేసి, నా సంగతి మాత్రం ఊరంతా చెప్పాడు.

"ఆ దాత బిడ్డలం ఎంతమందిమి ఉన్నాం?"

"ఎవరు లెక్క పెట్టారమ్మా?"

"ఆయనకు ఏవైనా జబ్బులున్నాయా?"

"మెడిసిన్ చదివే కుర్రాడు, తెల్లగా ఉండేవాడు. మన కులం అబ్బాయినే చూశాను. ఇంకేం కావాలి నీకు?"

సాయం చేశానన్న ధీమాతోనే అన్నాడు ఆ మాట. కులం చూశాడు, రంగు చూశాడు. ఒకే జిల్లాలో, ఒకే కులంలో సంబంధాలు వెతుక్కునే ఇళ్ళకు ఒకే మనిషి బిడ్డల్ని పంచి, తర్వాత వాళ్ళేమవుతారో ఆలోచించలేదు. "రేపు మీరు పోతే మిగతా పెళ్ళిళ్ళు ఎవరాపుతారు?" అని అరిచాను. లోపలి నుంచి ఎవరో తొంగిచూశారు. దాత పేరు చెప్పమంటే, ఆ కుర్రాడికి మాట ఇచ్చానన్నాడు.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "నా చేత కూడా ఒట్టేయించుకున్నావు కదయ్యా. కన్నబిడ్డ దగ్గర కూడా ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకున్నాను. నువ్వు మాత్రం ఒక్క పూటలో ఊరికి చెప్పేశావు. ఆ కుర్రాడికిచ్చింది మాట, నాకిచ్చింది మాట కాదా?"

ఎండగా ఉంది, మజ్జిగ తాగి వెళ్ళమన్నాడు ఆయన. మేం తాగలేదు.

తిరుగు దారిలోనే, నాతో పెళ్ళి తప్పిన ఆ అబ్బాయి ఊరు. పేరు రాయను. పెళ్ళిచూపుల తర్వాత రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం కాబట్టి నంబరు నా దగ్గరుంది. చెప్పాలా వద్దా అని అమ్మను అడిగితే, "అతని సంగతి అతనికి చెప్పడానికి భయమెందుకే?" అంది. బస్టాండుకు వచ్చి కలవమన్నాను. మా మధ్య టీ చల్లారిపోతుండగా, అమ్మ పక్కనే కూర్చుని ఉండగా చెప్పాను.

"మా నాన్నకు ఇదంతా తెలుసా?"

"తెలుసు."

"తెలిసే మిమ్మల్ని అంత మాట అన్నాడా!" అని గొంతు పెంచాడు. తర్వాత మా అమ్మకు చేతులు జోడించాడు. మా బస్సు కదిలే దాకా అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడు ఇది బ్లాగులో పెడతానంటే, చదివి సరేనన్నాడు.

నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు. ఆనాడు ఆ ఆస్పత్రి గదిలో డాక్టరుకు ఏం కావాలో, దాతకు ఏం కావాలో, నా తల్లిదండ్రులకు ఏం కావాలో మాట్లాడుకున్నారు. పుట్టబోయే నాకేం కావాలో ఎవరూ అడగలేదు. దాత వచ్చి నన్ను కూతురా అని పిలవాలని నేను కోరడం లేదు, నాకు నాన్న ఉన్నాడు. నా ఒంట్లో ఏ జబ్బు పొంచి ఉందో, నేను ఎవరిని పెళ్ళాడకూడదో తెలుసుకునే హక్కు మాత్రం నాది. దాన్ని ఆ డాక్టరు దయగా నాకు పడేయనక్కర్లేదు, దాచిపెట్టే అధికారమూ ఆయనకు లేదు. దర్శి వెళ్ళి నేను తెచ్చుకున్నది ఆ హక్కు కాదు, ఒక అన్నయ్యను.

మీరూ ఇలా బయలుదేరితే ఒక్క సలహా. ఒంటరిగా వెళ్ళకండి, ఆనాడు ఆ చికిత్స చేయించుకున్న మీ అమ్మను వెంట తీసుకెళ్ళండి. మిమ్మల్ని ఎరగనని చెప్పడం ఆ డాక్టర్లకు చాలా తేలిక, ఆమె కళ్ళలోకి చూసి చెప్పడం కష్టం.