తెల్లదొరల సమాధుల దగ్గర నా ధైర్యం

కృష్ణగిరిలో మా అక్కకు కంటి పరీక్ష ముగిసేసరికి మా ఊరు బేరిగై వెళ్లే బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది. బస్టాండులో ఊరికే కూర్చోవడం ఎందుకని, కొండకింద ఉన్న తెల్లదొరల సమాధుల తోటకు ఆమెను తీసుకువెళ్లాను. హోసూరు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక నాకు చరిత్ర పిచ్చి పట్టింది. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి పండితుణ్ణి అయిపోయానని నా నమ్మకం. అక్క జీవితమంతా గొర్రెలు మేపిన మనిషి. నేనేం చెప్పినా ఓపిగ్గా వింటుంది.

కళ్లలో మందు వేసినందువల్ల ఆమెకు అన్నీ మసకగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "దయ్యాలు ఉండవు కదప్పా?" అని అడిగింది.

"నేనుండగా నీకేం భయమక్కా?"

దొరలు ఇక్కడి జ్వరాలకు ఎలా పోయారో గొంతు పెంచి చెబుతుంటే, పక్కన ముళ్లపొదలో ఏదో బరువుగా కదిలింది. డెంకణికోట వైపు చిరుత తిరుగుతోందని పొద్దున్నే పేపర్లో చదివాను. అది అంత దూరం నా కోసమే వచ్చిందనిపించింది. అక్క చెయ్యి విదిలించుకుని, ఒక చెప్పు అక్కడే వదిలేసి, గేటు బయట పడ్డాను. ఊపిరి అందాక గాని అక్క గుర్తుకు రాలేదు.

"అక్కా, కదలొద్దు!" అని బయటినుంచే ధైర్యం చెప్పాను.

"యాడికి పోయినావప్పా? ఈడుండేది నెమలి. రెక్కలు కొట్టుకుంటా ఎగిరిపోయె."

తల వంచుకుని లోపలికి వెళ్లాను. అక్క ఒక చిన్న సమాధి పక్కన కూర్చుని రాయి తడుముతోంది. "ఇదేమి ఇంత చిన్నది? ఎవురిది?"

పోయిన పరువు దక్కించుకుందామని గట్టిగా చదివాను. కొన్ని నెలల పసిబిడ్డ. తండ్రి పేరు, హోదా, పటాలం అన్నీ చెక్కి ఉన్నాయి.

"వాళ్లమ్మ పేరు?"

రాయి నాలుగువైపులా వెతికాను. లేదు.

"మోసి కనింది ఆయమ్మ కదప్పా. యాల రాయలేదు?"

ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను. "తెలీదక్కా" అన్నాను చివరికి.

అక్క పొదలోంచి పసుపు పువ్వు ఒకటి తుంచి రాతిమీద పెట్టింది.

బస్సెక్కాక మాత్రం పక్క సీటావిడకు అరవంలో నా చిరుత కథంతా చెప్పింది. శూలగిరి వచ్చేసరికి వెనక సీట్లవాళ్లూ నవ్వుతున్నారు. నేను కిటికీలోంచి మామిడితోటలు చూస్తున్నట్టు నటించాను గాని, ఆమె నా పరుగును చేతులూపి చూపించేసరికి నాకూ నవ్వు ఆగలేదు.