పన్నెండు గంటలకు గోడవైపు తిరిగిన కుర్చీ

రెండువేల పంతొమ్మిదవ సంవత్సరం జూన్ పదకొండవ తేదీ, మంగళవారం, ఉదయం సరిగ్గా పది గంటలకు నేను గడియారమ్మను మొదటిసారి చూశాను. తెల్లవారినప్పటి నుంచి సన్నని జల్లు విడువక కురుస్తూ ఉన్నది. వార్డు కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి, అవతలి వీధి మసకగా కనిపిస్తున్నది. పక్షవాతం వచ్చిన మా అక్కయ్యను దీర్ఘరోగుల వార్డులో చేర్చి అప్పటికి ఒక రాత్రి మాత్రమే గడిచింది. నీలం అంగీ తొడుక్కున్న నడివయసు ఆయా ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడ గడియారం వంక చూడనైనా చూడక, మరొక ఆయాను సైగతో పిలిచింది.

“పెద్దమ్మా, గోడను చూసింది చాలు. ఇక కిటికీ చూద్దురుగాని.”

“నిన్నటినుంచీ రెండు గంటలకోసారి నా మకాం మారుస్తున్నావు. కాస్త సామాను సర్దుకోనివ్వవుటే?” అన్నది అక్కయ్య.

“మీ సామానంతా మీ ఒంటిమీదే ఉంది కదమ్మా! అందుకేగా మిమ్మల్ని తిప్పడానికి ఇద్దరం కావలసొస్తోంది.”

అక్కయ్య భారీ మనిషి. రెండు కాళ్లలోను కుడిచేతిలోను కదలిక పోయినది గాని, నాలుక చురుకు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. పడి పడి నవ్వింది. నవ్వు ఆగేలోపున ఆమెను కిటికీవైపు తిప్పడము, వీపు వెనుక దిండు ఇరికించడము, మంచం కాళ్లవైపు వేలాడే చార్టులో పది గంటల గడిలో సంతకము పెట్టడము అయిపోయినవి. వెళ్లేముందు ఆమె చేసిన పని ఒకటి నా కంటబడింది. అంతవరకు పక్కకు ఆనివున్న తుంటిని బొటనవేలితో నొక్కి, వేలు తీసి, అక్కడి ఎరుపు తెల్లబారి మళ్లీ వచ్చేదాకా చూసింది. నొక్కినప్పుడు తెల్లబారని ఎరుపు పడకపుండుకు మొదటి మెట్టని ఆమెయే నాకు తరువాత చెప్పింది.

పదకొండేళ్లుగా ఆ వార్డులో ఆమె పని అదే. అక్కడి ఎనిమిది మంచాలలో నలుగురు తమంతట తాము కదలలేనివారు. వారిని ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, రెండింటికి తిప్పవలెను. ఈ పదకొండేళ్లలో తన వంతులో ఒక్కరికీ పుండు పడనివ్వలేదు. అందుచేతనే అందరూ ఆమెను గడియారమ్మ అనేవారు. అయితే మనుషులను ఎత్తి ఎత్తి ఆమె నడుము అరిగిపోయింది. ఈ ఏడాది దాటితే బరువులు ఎత్తవద్దని వైద్యుడు ఖండితంగా చెప్పినాడు. బరువులెత్తని ఆయాకు అక్కడ పని లేదు. ఒక్క దారి మాత్రం ఉన్నది. ఏడాది చివర వార్డు బాధ్యురాలి ఉద్యోగం ఖాళీ అవుతున్నది. అందులో చేతులతో ఎత్తనక్కరలేదు, ఎత్తేవారిచేత సరిగా ఎత్తించవలెను. ఆ ఉద్యోగానికి ఆమెకన్న తగినవారు లేరు. కాని దానికి బయటి సంస్థవారు నడిపే ‘బృంద కోచింగ్’ పూర్తిచేసినట్లు ధ్రువపత్రం కావలెనన్నారు.

“నా పేరు రాసుకున్నారు అన్నయ్యగారూ! ఆరు మంగళవారాలు కూర్చుంటే చాలట,” అని సంతోషంగా చెప్పింది. కూర్చోవడం కూడా ఒక పరీక్ష అవుతుందని పాపం ఆమెకు అప్పటికి తెలియదు.

జూన్ పద్దెనిమిదవ తేదీన మొదలైంది. వార్డుకు ఎదురుగా నడవా అవతల ఒక గది. అందులో గుండ్రంగా పన్నెండు కుర్చీలు, మధ్యన మోగించే గంట ఒకటి. కోచ్ గారు ముప్పై దాటని యువతి, మృదువుగా మాట్లాడే మనిషి. ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట వరకు తరగతి, పదకొండున్నరకు పావుగంట విరామం. ఆమె గోడకు అంటించిన నియమాలలో ఒకటి ఇది: విరామం కాని వేళ వలయం విడిచి వెళ్లినవారికి సగం గైర్హాజరు. గైర్హాజరు రెండుకు చేరితే పత్రం లేదు. అంతటితో ఆగక, లేచిపోయినవారి కుర్చీని గోడవైపు తిప్పి ఉంచేవారు. తిరిగివచ్చినవారు తమ కుర్చీని తామే వలయంలోకి తిప్పుకొని, ఎందుకు వెళ్లవలసి వచ్చినదో, వెళ్లినప్పుడు తమ మనస్సుకు ఏమనిపించినదో పదిమందికీ చెప్పవలెను. తప్పు చేసిన పిల్లలను మూలన నిలబెట్టే పంతులుకైనా కొంత మొగమాటం ఉంటుంది!

మా అక్కయ్యవంటివారికి పదకొండుంబావుకు చెంచాతో ఆహారం పెడతారు. గొంతులోనికి అడ్డదారిని పోకుండా దిండ్లు ఎత్తి కూర్చోబెట్టినట్లుగా ముక్కాలుగంట ఉంచవలెను. ఆ తరువాతనే తిప్పడం. కనుక పదకొండున్నర విరామం ఆమెకు ఎందుకూ పనికిరానిది. పన్నెండింటికే లేవవలెను. ఆ పావుగంటకు ఆమెకు బదులుగా మరొకరిని వేయాలన్న ఆలోచన, ఆమెను తరగతికి పంపిన పెద్దలలో ఒక్కరికీ కలుగలేదు. వార్డులో మిగిలినది ఒకే ఒక ఆయా. ఆమెను చిన్నాయా అనేవారు.

మొదటి మంగళవారం పన్నెండింటికి గడియారమ్మ లేచి వెళ్లి, పావుగంటలో తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీ గోడను చూస్తున్నది.

“వలయాన్ని వదిలి వెళ్లినప్పుడు మీకేమనిపించింది?” అని కోచ్ గారు అడిగినారు.

“పేషెంట్లను తిప్పడానికి వెళ్లాను మేడమ్. అనిపించడానికి ఏముంది? నడుం నొప్పి అనిపించింది.”

అందరూ గొల్లుమన్నారు. నవ్వు కూడా ఒక తప్పించుకునే మార్గమేనని కోచ్ గారు తమ పుస్తకంలో రాసుకున్నారు. సగం గైర్హాజరు.

సాయంత్రం ఈ సంగతి విని అక్కయ్య, “నన్ను గోడవైపు తిప్పినందుకు నిన్నూ గోడవైపు తిప్పారన్నమాట! చార్టులో సంతకం పెట్టారా లేదా?” అన్నది.

“పెట్టారు పెద్దమ్మా. సగం పెట్టారు.”

రెండవ వారం మరొక సగం. మూడవ వారం మరొకటి. ఒకటిన్నర పూర్తయింది. ఇంకొక్కసారి లేస్తే పత్రం చేజారినట్లే. అప్పుడు ఆమె నన్ను అర్జీ రాసిపెట్టమన్నది. ఆమె కోరినది తరగతి మానుకోవడం కాదు, నియమం ఎత్తివేయడమూ కాదు. పదకొండున్నర విరామాన్ని పన్నెండుకు మార్చుమని, అంతే. అర్ధగంట! తొమ్మిది వాక్యాలలో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి కార్యాలయంలో ఇచ్చి వచ్చాను.

మూడవనాడు జవాబు వచ్చింది. టీ, బిస్కెట్లు తెచ్చే కాంట్రాక్టరుతో పదకొండున్నరకు అని ఒప్పందమైనదట, అప్పటినుంచి పన్నెండు దాకా ఉంచితే ఫ్లాస్కులో టీ చల్లారిపోతుందట, కనుక విరామం మార్చడం సాధ్యం కాదట. కాగితం కింద ముద్ర కూడా ఉన్నది! నా జన్మలో ఎన్నో కార్యాలయాల కాగితాలు చదివాను గాని, టీ చల్లారడానికీ మనిషి వీపు చితకడానికీ తూకం వేసి టీవైపు మొగ్గిన కాగితం అదొక్కటే.

“పోనీలెండి అన్నయ్యగారూ, చల్లారిన టీ నేనే తాగుతానని రాయాల్సింది,” అన్నది గడియారమ్మ. నాకు నవ్వు రాలేదు.

ఆమె మీద నిజమైన అభిమానం ఉన్నవారు ఆ వార్డు నర్సులకు పెద్ద, హెడ్ సిస్టర్ గారు. నాలుగవ మంగళవారం, అనగా జూలై తొమ్మిదిన, ఆమెను పక్కకు పిలిచి, “ఈ ఒక్కరోజు కదలకుండా కూర్చో తల్లీ. పన్నెండింటికి చిన్నాయాతో కలిసి నేను తిప్పుతాను. నీ నోటి దగ్గర కూడు నువ్వే తన్నుకోకు,” అని చెప్పినారు. గడియారమ్మ ఆ మాట నమ్మి కూర్చున్నది. పన్నెండింటికి ఆమె కాళ్లు వాటంతటవే లేవబోతే, రెండు చేతులతో మోకాళ్లను అదిమి పట్టుకున్నదట. ఆనాటి హాజరు పట్టీలో ఆమెకు పూర్తి హాజరు పడింది.

నేను పదకొండింటికి భోజనానికి ఇంటికి పోయి నాలుగింటికి వచ్చేవాణ్ణి. కాబట్టి ఆ మధ్యాహ్నం జరిగినది చూడలేదు. సరిగ్గా పన్నెండుకు ఐదు నిమిషాల ముందు కొత్త రోగి ఒకరు స్పృహలేని స్థితిలో వస్తే, హెడ్ సిస్టర్ గారు అటు పరుగెత్తినారు. అంతవరకు తప్పులేదు. కాని పోతూ పోతూ, గడియారమ్మకు మాట రాకూడదని, నలుగురి చార్టులలోను పన్నెండు గంటల గడిలో సంతకాలు పెట్టిపోయినారు. తేలికైన ముగ్గురిని చిన్నాయా ఒక్కతే ఎలాగో తిప్పింది. మా అక్కయ్య దగ్గరకు వచ్చేసరికి ఆమె బలం చాలలేదు. మరొకరు వస్తారని చూసి చూసి వేరే పనిలో పడింది.

తరగతి, భోజనం ముగించుకొని రెండింటికి గడియారమ్మ వచ్చి చూస్తే, అక్కయ్య పదకొండుంబావుకు కూర్చోబెట్టినది కూర్చోబెట్టినట్లే ఉన్నది.

“పెద్దమ్మా, పన్నెండింటికి ఎవరూ రాలేదా?”

“కిటికీ లేదు, గోడ లేదు. ఇవాళంతా తలుపునే చూస్తూ కూర్చున్నానే. ఒకసారి పిలిచాను. వస్తున్నా పెద్దమ్మా అన్నారు. ఆ వస్తున్నా ఇంకా వస్తూనే ఉంది.”

పక్కకు తిప్పి చూస్తే నడుము కింద, ఎముక ఉబికినచోట, అరచేతి మధ్యభాగమంత ఎరుపు. గడియారమ్మ బొటనవేలితో నొక్కి తీసింది. తెల్లబారలేదు. మళ్లీ నొక్కింది. తెల్లబారలేదు. పదకొండేళ్లలో మొదటిది.

హాజరు పట్టీ నిష్కళంకం. చార్టు నిష్కళంకం. రెండు కాగితాలూ ఏ అధికారి ముందైనా తల ఎత్తుకొని నిలబడగలవు. మా అక్కయ్య నడుమొక్కటే వాటితో ఏకీభవించలేదు! సాయంత్రం నేను వచ్చేసరికి హెడ్ సిస్టర్ గారు కళ్లనిండా నీళ్లతో నిలబడి, “దానికి మంచి చేద్దామనే చేశానండీ,” అన్నారు. ఆమె మంచికే చేసినారు, నేను కాదనను. మంచి మనిషిచేత ఒక గడిలో అబద్ధం రాయించిన నియమం మీదనే నా కోపం, అది ఈనాటికీ తగ్గలేదు.

జూలై పదహారు, ఐదవ మంగళవారం. ఆ రోజు నేను ఇంటికి పోలేదు. నడవాలోని బల్లమీద కూర్చున్నాను. ఉక్కగా ఉన్నందున తరగతి తలుపు బార్లా తెరిచివున్నది. ఆనాటి పాఠ్యాంశం, నలుపు సిరాతో పెద్ద అక్షరాలలో గోడమీద ఉన్నది: ‘ఎదుటివారి బాధను శ్రద్ధగా వినుట’.

పన్నెండుకు గడియారమ్మ లేచింది.

“ఇప్పుడు వెళితే మీ గైర్హాజరు రెండవుతుంది. మీకు పత్రం రాదు. ఆలోచించుకోండి,” అన్నారు కోచ్ గారు. గొంతులో దురుసుతనం లేదు. లేకపోవడమే నాకు మరింత మంట పుట్టించింది.

“పోయినవారం ఆలోచించుకునే కూర్చున్నాను మేడమ్. ఆ ఆలోచన పెద్దమ్మ వీపు మీద ఉంది. వచ్చి చూస్తారా?”



“మనం ఇక్కడ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నాం కదా,” అన్నారు కోచ్ గారు.

“మీకిచ్చింది మొన్నటి మాట. వాళ్లకిచ్చింది పదకొండేళ్ల మాట. మీ దగ్గర వినడం నేర్చుకుంటూ కూర్చుంటే, అక్కడ పిలిచేవాళ్లకి ఎవరు పలుకుతారు?” అని, నాలుగడుగులు వేసినది మళ్లీ వెనుకకు వచ్చింది. తన కుర్చీని తానే ఎత్తి గోడవైపు తిప్పి పెట్టింది. “మీకెందుకు మేడమ్ శ్రమ,” అన్నది.

నా ముందునుంచి వార్డులోకి పోతూ, “బల్లమీద కూర్చుంటే ఏం లాభం, ఆ దిండు పట్టుకోండి అన్నయ్యగారూ,” అన్నది. వెళ్లి పట్టుకున్నాను.

తరగతి ముగిసిన తరువాత కోచ్ గారిని ఆపాను.

“అమ్మా, మూడు వారాలు వరుసగా ఆమె మీకు కారణం చెప్పింది. వినలేదా?”

“విన్నాను సార్. రాసుకున్నాను కూడా.”

“మరి పుస్తకంలో ఏమని రాశారు?”

ఆమె కాగితాలు తిప్పినారు. “బాధ్యతను సాకుగా చూపే ధోరణి,” అని చదివి, చదివినాక ముఖం ఎర్రబడి ఆగిపోయినారు. “ఇక్కడివాళ్లు ఆమె స్థానంలో ఎవరినో ఒకరిని పెట్టి ఉంటారనుకున్నాను. విరామం మార్చమని నాకెవరూ చెప్పలేదు సార్. మారిస్తే నాకేం పోయింది?”

అర్జీ ఆమె దాకా రానేలేదు. నోటితో చెప్పినది పుస్తకంలో ఆగిపోయింది, రాతతో చెప్పినది టీ ఫ్లాస్కు దగ్గర ఆగిపోయింది.

“ఇప్పుడు తెలిసింది కదా. ఆ సగాలు కొట్టివేయండి.”

“హాజరు వివరాలు ప్రతివారం పై ఆఫీసుకి వెళ్లిపోతాయి సార్. నా చేతిలో లేదు.”

చేతిలో లేదట! కుర్చీని గోడవైపు తిప్పిన చేతులు ఎవరివో నేను అడుగలేదు. అడిగివుండవలసినది.

ఆరవ మంగళవారం కూడా గడియారమ్మ తరగతికి వెళ్లింది. పత్రం రాదని తెలిసి ఎందుకు పోతావని అడిగితే, “ఆరు వారాలు వస్తానని ఒప్పుకున్నాను కదండీ,” అన్నది. పన్నెండుకు లేచింది, పావుగంటకు తిరిగి వచ్చింది. ఆనాడు ఆమె కుర్చీని ఎవరూ తిప్పలేదు.

తరువాతి సంగతులు ఇవి. అక్కయ్య పుండు మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఆమె మరుసటి ఏడు ఫిబ్రవరిలో, గుండె ఆగి, కిటికీవైపు తిరిగివుండగా పోయింది. వార్డు బాధ్యురాలి ఉద్యోగం ఆరు వారాలూ కుర్చీలోంచి లేవని మరొక వార్డు ఆయాకు వచ్చింది. రెండువేల పంతొమ్మిది డిసెంబరు ముప్పై ఒకటిననే గడియారమ్మను పనిలోనుంచి తీసివేసినారు. ఇప్పుడు ఆమె తన చెల్లెలి ఇంట్లో ఉంటూ, పక్కవీధిలో మంచం పట్టిన ఒక ముసలాయనను చూసుకుంటున్నది. ఆయన తేలికైన మనిషి. హెడ్ సిస్టర్ గారు పిల్లల వార్డుకు మారినారు. తరువాతి బృందానికి కోచ్ గారు విరామాన్ని పన్నెండుకు మార్చినారు. టీ కూడా పన్నెండుకే వస్తున్నది, కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పలేదని విన్నాను. అది ఎవరివల్ల మారినదో ఏ కాగితంలోను లేదు. అక్కయ్య చార్టు నకలు నా దగ్గర ఉన్నది. అందులో జూలై తొమ్మిది, పన్నెండు గంటల గడిలో సంతకం ఉన్నది.