అడ్డం పెట్టిన కాలు

ఈ ఉదయం రైతుబజారులో తడిసిన గోనెపట్టాల మధ్య ఇరుక్కుని నడుస్తుంటే ఒక కాలేజీ అమ్మాయి పాదం నా పాదానికి తగిలింది. చల్లటి బురద నీళ్లు అంటుకున్నాయి. ఆ పిల్ల ఫోనులో మాట ఆపకుండానే కాస్త వంగి, నా మోచేతిని తాకి, వేళ్లు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. కాలు తగిలితే మనందరం చేసేదే అది. నేను మాత్రం వంకాయల గుట్ట ముందు కదలలేక నిలబడిపోయాను. ఆ తడి స్పర్శకు రత్నం పిన్ని గుర్తొచ్చింది. ఆమె పోయాక వచ్చిన రెండో వానాకాలమిది.

నూకరత్నం ఆమె పూర్తి పేరు. మాకు చుట్టం కాదు, అనకాపల్లిలో మా పై వాటాలో అద్దెకుండేది. రాంబిల్లి వైపు చేపలమ్ముకునే ఇంట్లో పుట్టి, విశాఖపట్నంలో ఒక ఆఫీసరు గారింట వంటకు కుదిరింది. ఆయనకు అర్జెంటీనా బదిలీ అయితే ఆయన తల్లిని చూసుకోవడానికి వెంట వెళ్లి, చాలా ఏళ్లు అక్కడే ఉండి తిరిగొచ్చింది. ఆదివారాలు పక్కింటావిడ తనని ఒక హాలుకు తీసుకెళ్లేదట. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు పొదివి పట్టుకుని, మాటా పలుకూ లేకుండా, పాట వెంట నడిచేవారట. టాంగో అంటే అదేనని, వేదిక ఎక్కి ఆడేది కాదని, ఊళ్లోవాళ్లు ఊళ్లోవాళ్లతో ఆడుకునేదని చెప్పేది.

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య జాతర వెళ్లిన వారం, ఒక మధ్యాహ్నం కిందికి దిగి వచ్చి మా వంటింటి పీట మీద కూర్చుంది. తన చెయ్యి నా ముందు చాపింది. గాజులు వాటంతట అవే చప్పుడు చేస్తున్నాయి. పార్కిన్సన్స్ అని డాక్టరు తేల్చాడని, చేతుల తర్వాత కాళ్ల వంతని చెప్పింది.

"టాంగో ఒక్కర్తే ఆడేది కాదమ్మా, తోడు గావాల. ఇక్కడ తోడు నేదు గాబట్టి నిన్ను తయారు సేసుకుంటాను. మొదలుకాణ్ణుంచి సివరిదాకా ఒక్క పాట ఆడితే సాలు. మరేటీ అడగను."

నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్నగారు నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించినవే నాకొచ్చిన అక్షరాలు. ఎవరైనా పట్టుకుని నేర్పితే తప్ప నాకేదీ రాదు. బహుశా అందుకే ఒప్పుకున్నాను. మెట్లెక్కితే మోకాళ్లంటావు, డాన్సుకి అడ్డు రావేటి అని మా ఆయన నవ్వారు. అని, తనే పైకి వెళ్లి మంచం గోడకి జరిపి, గచ్చు మీద పౌడరు చల్లి వచ్చారు. బెల్లం మార్కెట్టు గాలికో ఏమో, ఉక్కపోసిన రోజుల్లో ఆ గచ్చు కాళ్లకి బంకలా తగులుకునేది.

మొదటి నెలల్లో మా నాట్యమంతా నా దణ్ణాలతోనే సరిపోయింది. ఇద్దరం అంత దగ్గరగా నడిస్తే కాళ్లు తగలకుండా ఎలా ఉంటాయి? తగిలినప్పుడల్లా నేను ఆగి, వంగి, ఆమె పాదం తాకి కళ్లకద్దుకునేదాన్ని. ఫోనులో పాట దాని దారిన అది పోయేది. హార్మోనియంలాంటి వాద్యమేదో అందులో, ఊపిరి చాలనట్టు మూలిగేది. మొదట పిన్ని నవ్వేది. తర్వాత విసుక్కుంది.

"ఒలమ్మా, తగిలినప్పుడల్లా నువ్వు దణ్ణాలెడతా ఉంటే పాటెప్పుడాడతాం? ఇందులో కాలికి కాలు తగిల్తే మాటాడినట్టే. తప్పు కాదు."

వంగడం మానేశాను. మనసులో మాత్రం అమ్మవారిని తలుచుకునే అడుగు వేసేదాన్ని. నడిపించడం కూడా ఆమే నేర్పింది. ముందు నా బరువు కదలాలట, ఆ కదలిక ఎదుటి మనిషికి తెలియాలట, అప్పుడే కాలు కదపాలట. తొయ్యకూడదు, లాగకూడదు. ఎదుటి మనిషి అడుగు పూర్తయ్యేదాకా కాచుకోవాలి. సంసారంలోనూ ఎవరూ నాకిలా విడమరిచి చెప్పలేదు.

వానలు పట్టేసరికి ఆమె కాళ్లు గుమ్మాల దగ్గర అతుక్కుపోవడం మొదలుపెట్టాయి. మనసు పద అంటుంది, పాదం లేవదు. చెయ్యి పట్టి లాగితే ముందుకు తూలిపోతుంది. ఒకరోజు వంటింటి గడప ముందు అలా ఆగిపోయి, కాసేపు కిందికి చూసి, నా కాలు అడ్డం పెట్టమంది. నా ప్రాణం ఒప్పలేదు. మా ఇళ్లలో పడుకున్న పసిపిల్లల్నయినా దాటం. అలాంటిది పెద్దామె ముందు కాలు చాపి దాటమనడమా?

"ఆ హాల్లోనూ ఇదే. మగోడు కాలు అడ్డమెడతాడు, ఆడది తీరిగ్గా దాటతాది. అందులోనే ఉంది సోకంతా. పెట్టు తల్లీ."

పెట్టాను. ఖాళీ గచ్చు మీద లేవని పాదం నా పాదాన్ని చూసి లేచింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, రాణీగారిలా, తీరిగ్గా దాటింది. ఆనాటి నుంచి ఏ గుమ్మం దగ్గరైనా, ఆస్పత్రి వరండాలోనైనా నా కాలు ముందుండేది. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.

దేవుడు దారి చూపించాడనుకున్నాను. ఇక ఆ ఒక్క పాటా పూర్తవుతుందని నమ్మాను. మొక్కుకున్నాను, ముడుపు కట్టాను. కానీ చలికాలం వచ్చేసరికి ఆమె గొంతు సన్నబడిపోయింది. నవ్వు మొహం మీదికి రావడం మానేసింది. పాట సగం దాటడమే గగనమైపోయింది.

ముక్కనుమ వెళ్లిన మర్నాడు తనే పాట పెట్టమంది. ఆ సాయంత్రం ఎంత బాగా నడిచిందో. సగం దాటాం. వాద్యం గొంతు పెంచే చోటూ దాటాం. ఇక కొసే మిగిలిందనగా ఆగిపోయింది. కంగారుపడకుండా నా కాలు అడ్డం పెట్టి కాచుకున్నాను. ఆమె బరువు నా మీదికి వాలింది కానీ పాదం లేవలేదు. దాటు పిన్నీ, అన్నాను. ఆమె చెంప నా చెంపకి ఆని ఉంది.

"కనబడతంది తల్లీ. కాలే రావటం నేదు."

పాట అయిపోయింది. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, వంగి, ఆ రెండు పాదాలూ తాకి కళ్లకద్దుకున్నాను. దణ్ణాలొద్దని కసిరిన మనిషి ఆ రోజు కసరలేదు. ఇక ఆ పాట పూర్తి కాదని నాకు అర్థమైపోయింది. మళ్లీ పాట పెట్టమని ఆమె అడగలేదు, పెడతానని నేనూ అనలేదు. జాతర రాకముందే పోయింది.

ఆమెను నాకిచ్చినందుకు రోజూ దీపం దగ్గర దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. అది నిజమైన దణ్ణమే. కానీ ఒక్క పాట ఇవ్వడానికి ఆయనకేం అడ్డొచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ ఏ గడప దగ్గరికి వెళ్లినా ముందు నా బరువు కదులుతుంది, తర్వాత కుడికాలు దానంతట అదే అడ్డంగా వెళ్లి నిలబడుతుంది. అవతలి అడుగు పూర్తయ్యేదాకా కాచుకోమని కదా నేర్పింది. కాచుకుంటాను. కాసేపటికి వంటింట్లోంచి మా ఆయన పిలుస్తారు. అప్పుడు నా కాలు నేనే తీసుకుని లోపలికి వెళతాను.