తూర్పు వైపు మెయిన్ స్క్రీన్

ఈరోజు ఇంటి నుంచే టీమ్ లీడ్ ఇంటర్వ్యూ ఇచ్చాను. తూర్పుకి తిరిగి కూర్చుంటే మంచిదని మా ఆయన పెద్ద మానిటర్‌ని అటు పెట్టి, దాన్నే మెయిన్ స్క్రీన్ చేశారు. కెమెరా ఉన్న లాప్‌టాప్ నా కుడిపక్కన ఉండిపోయింది. కాల్ పెద్ద మానిటర్ మీద తెరుచుకుంది, నేను దాన్నే చూస్తూ మాట్లాడాను.

కాసేపయ్యాక ఇంటర్వ్యూ చేస్తున్న ఐరిష్ ఆవిడ, "గదిలో ఇంకెవరైనా ఉన్నారా? మాకు మీ చెవి ఒక్కటే కనిపిస్తోంది" అంది.

ఎవరో పక్కనుంచి జవాబులు అందిస్తున్నారనుకుందేమో! గబగబా లాప్‌టాప్‌ని మెయిన్ స్క్రీన్‌గా మార్చి, దక్షిణానికి తిరిగి మిగతావి చెప్పాను. చివర్లో "గ్రాండ్" అంది. ఐరిష్ వాళ్ళ నోట ఆ మాటకి 'బ్రహ్మాండం' అని కాదు, 'సరే, పర్లేదు' అనే అర్థమట.

"దక్షిణానికా? లాప్‌టాప్‌నే తూర్పుకి జరపాల్సింది కదే!" అన్నారు మా ఆయన. ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్ బుర్రకి సెట్టింగ్ మార్చడమే తోచింది మరి.

దిక్కుల మీద నాకు నమ్మకం లేదు. అయినా సాయంత్రం నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మీరైతే ఎటు తిరిగేవారు?