పట్టానన్న మాట

క్లచ్ మాస్టారి కారుకు బ్రేకు మెత్తబడిందన్న కబురు వీధి చివరి ఇస్త్రీ దుకాణం దాకా వెళ్ళేసరికి, మాస్టారికే ఏదో జబ్బు చేసిందన్నట్టు మారిపోయింది. అందులో వింతేమీ లేదు. ఆ కారు ఆయన పెళ్ళినాటిది. డ్రైవింగ్ స్కూలు పెట్టింది దాంతోనే, మూసేసిందీ దాంతోనే. నేర్చుకున్నవాళ్ళ ముఖాలు ఆయన ఎప్పుడో మరిచిపోయారు గానీ కాళ్ళు మాత్రం గుర్తే. ఎవరైనా పెళ్ళికొడుకు గురించి వాకబు చెయ్యడానికొస్తే, "వాడా! బుద్ధిమంతుడే. ఎడమ కాలు మాత్రం బద్ధకం, క్లచ్ మీద నిద్రపోతుంది" అనేవారు.

ఇప్పుడు పెడలు తొక్కితే మగ్గిన అరటిపండు మీద కాలేసినట్టు అడుగంటా దిగిపోతోంది. గబగబా నాలుగుసార్లు కొడితే కాస్త లేస్తుంది, మళ్ళీ షరా మామూలే. బ్రేకు నూనె ఎక్కడా కారడం లేదు. చక్రాల్లో రబ్బర్లు మార్చారు, బ్రేకు పంపు మార్చారు. ఫలితం సున్నా. ఇక మిగిలింది గొట్టాల్లో చేరిన గాలే. దాన్ని బయటికి పంపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు సీట్లో, ఒకరు కారు కింద.

సీట్లో ఎప్పుడూ మాస్టారమ్మే. ఆవిడ పెడలు తొక్కి "పట్టాను" అంటుంది. కింద పడుకున్న ఆయన చక్రం వెనక నట్టు వదులు చేస్తారు. గాలీ నూనే కలిసి బుసబుసమంటూ డబ్బాలో పడతాయి. నట్టు బిగించి ఆయన "వదులు" అన్నాకే ఆవిడ కాలు తియ్యాలి. ముందే తీసిందా, సాగనంపిన చుట్టం సంచీ మరిచిపోయానంటూ వెనక్కొచ్చినట్టు గాలి మళ్ళీ లోపలికొచ్చి కూర్చుంటుంది. ఒకరికొకరు కనబడరు కాబట్టి పనంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో 'పట్టాను' అంటే పట్టినట్టే.

వారం రోజులుగా అదే పని. రోజూ బుడగలే. పక్కింట్లో గోడ పగలగొడుతున్న మోతలో ఒకరి మాట ఒకరికి వినబడక ఇద్దరూ అరుచుకున్నారు. మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ బావమరిది రోజూ సానుభూతి ఒలకబోశాడు.

"ముసలి బండికి గాలి పడితే వదలదు బావా."

"నీ కబుర్లలో ఉన్నంత గాలి దానికి లేదులేరా!"

కానీ శనివారం సాయంత్రం మాస్టారు చేతులు తుడుచుకుంటూ చతికిలబడ్డారు. "రేపు కూడా పెడలు లేవకపోతే నువ్వు చెప్పిన పాతకార్ల వాణ్ణి పిలువు. తీసుకుపోతాడు. బ్రేకు లేని బండి రోడ్డెక్కించి ఎవరి ఉసురూ పోసుకోలేను."

బావమరిది టీ గ్లాసులోకి చూస్తూ తలూపాడు. మాస్టారమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం పక్కింటి పనివాళ్ళు రాలేదు. వీధి నిశ్శబ్దంగా ఉంది.

ఆ పెడలుకో గుణముంది. తొక్కేటప్పుడు మూగది, వదిలేటప్పుడు మాత్రం కిర్రుమంటుంది. శిష్యుల కాళ్ళను చెవితో కనిపెట్టడానికి మాస్టారు దానికి కావాలనే నూనె వెయ్యలేదు.

"పట్టాను" అంది మాస్టారమ్మ.

ఆయన నట్టు వదులు చేశారు. నూనె చిమ్మింది. బిగించబోతుండగా పైన కిర్రుమంది.

కాలు జారిందేమో పాపం, మోకాలి నొప్పి మనిషి, అనుకున్నారు. మళ్ళీ చేశారు. మళ్ళీ కిర్రు. మూడోసారి కిర్రుమన్నాక, నట్టు వదులుగానే ఉంచి అడిగారు.

"పట్టే ఉన్నావా?"

"పట్టే ఉన్నానండీ."

చల్లటి గచ్చు మీద ఆయన అలాగే పడుకుండిపోయారు. నూనె బొట్టు చెంప మీద పడినా తుడుచుకోలేదు. తర్వాత మెల్లగా బయటికి పాక్కుంటూ వచ్చి, సీటు దగ్గర నిలబడి, ఆవిడ ముఖంకేసి కాకుండా కాలికేసి చూశారు. కాలు పెడలు పక్కన ముడుచుకుని ఉంది.

"అక్కనేమీ అనకు బావా!" అని బావమరిది మెట్ల మీంచి లేచాడు. "ఉపాయం నాది. మేం అమ్మమంటే అమ్మవు, బండే మొరాయిస్తే నువ్వే..."

"నువ్వాగరా. ఏమే, ఎన్నాళ్ళనుంచి?"

"మొదటి రోజునుంచీ" అంది మాస్టారమ్మ. "పోయిన నెల సైకిలతన్ని మీరు చూడలేదు. నేను కేక పెట్టకపోతే ఏమయ్యేది? కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ముందు నీ చాదస్తానికి మందు తెచ్చుకో అన్నారు. ఇంకెలా చెప్పను?"

"చూశాను అతన్ని."

"చూడలేదండీ."

మాస్టారు చెంప మీది నూనె బొట్టు తుడుచుకున్నారు. ఆయన గొంతు పెద్దదేమీ కాలేదు.

"అయితే చూడలేదనే అనుకో. నా ముఖం మీద అరవాల్సింది. తాళాలు దాచెయ్యాల్సింది. నేను కింద పడుకుని నీ మాట మీద నట్టు విప్పుతుంటే, వాడు టీ తాగుతూ చూస్తుంటే... ఊరందరి కాళ్ళూ కనిపెట్టినవాణ్ణి. ఇంట్లో కాలికి చెవొగ్గాలని తోచనే లేదు."

పెరట్లోకి వెళ్ళి దుడ్డుకర్ర ఒకటి తెచ్చారు. పెడలు అడుగుకి నొక్కి, కర్రను సీటుకూ దానికీ మధ్య బిగించారు.

"నేను పడతానండీ, ఈసారి నిజంగా."

"వద్దు. దీనికి నోరు లేదు."

కర్ర బిగించి కిందకు దూరడం, నట్టు విప్పి బిగించి పైకి రావడం, కర్ర తీసి మళ్ళీ పెట్టడం. నాలుగు చక్రాలూ అలాగే, ఒక్కరే. బావమరిది సాయానికొస్తే చూపుతోనే ఆపారు. ఎండ గోడ దిగేసరికి బుడగలు ఆగాయి. సీట్లో కూర్చుని తొక్కారు. పెడలు బండరాయిలా నిలబడింది.

"బండి అమ్మను" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాను. బస్సులో. ఒక్కణ్ణే."

దిగబోతే మోకాళ్ళు పట్టేశాయి. మాస్టారమ్మ గబుక్కున ముందుకొచ్చి, అలవాటు కొద్దీ, చెయ్యి చాపింది.

"పట్టాను, దిగండి."

మాస్టారు ఆ చేతికేసి చూశారు. కారు తలుపు ఊతంగా పట్టుకుని దిగారు.